చెత్తబుట్ట తడవకుండా చూసుకుంటే

పర్యావరణానికి మేలు చేసే బతుకు అనగానే ఈ మధ్య కొనాల్సిన వస్తువుల జాబితా ఒకటి కళ్ల ముందుకు వస్తోంది. వెదురు బ్రష్షు, స్టీలు స్ట్రా, రాగి సీసా, బొమ్మలు అచ్చేసిన గుడ్డసంచి. విశాఖపట్నంలో ఒక మామూలు ఇంటి చెత్తబుట్టను పాత పేపరు మీద బోర్లించి చూస్తే మాత్రం ఈ వస్తువులు తీర్చే సమస్య అందులో పెద్దగా కనిపించదు. బుట్ట బరువంతా బీరకాయ తొక్కలది, వడకట్టిన టీ పొడిది, నిన్నటి సాంబారుది, చేపల పొలుసులది, దేవుడి పటాల ముందు వాడిపోయిన చామంతులది. మన నగరాల ఇంటి చెత్తలో సుమారు సగం ఇలాంటి తడి పదార్థమే. అందులో మళ్లీ మూడొంతులదాకా ఉండేది నీరు. కాబట్టి ప్రతి ఉదయం వీధిలోకి వచ్చే చెత్త బండి మోసుకుపోతున్న బరువులో పెద్ద వాటా నీళ్లదే.

ఆ నీళ్ల ప్రయాణం చిన్నది కాదు. నగర చెత్త చేరేది భీమిలి వైపున్న కాపులుప్పాడకు. గాజువాకలో గుమ్మం దాటిన పుచ్చకాయ తొక్క నగరం ఈ కొస నుంచి ఆ కొసకు డీజిలు ఖర్చు మీద వెళుతుంది. దారిలో కుదింపు బండ్లు చెత్తను నొక్కినప్పుడు కారే నల్లటి రసం వాసన బీచ్ రోడ్డు మీద పొద్దున్నే నడిచేవారికి కొత్తేమీ కాదు. కాపులుప్పాడలో చెత్తను కాల్చి విద్యుత్తు తీసే 15 మెగావాట్ల కేంద్రం 2022లో మొదలైంది. కేంద్రం వచ్చింది కదా, ఇక ఇంట్లో వేరు చేయడం దేనికి అన్న మాట అప్పటి నుంచి వినిపిస్తోంది. లెక్క చూస్తే అది తిరగబడిన మాట. కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 600 కిలో కేలరీల వేడి ఖర్చవుతుంది. చెత్త సగం తడిగా ఉంటే, అందులోని కాగితం, గుడ్డ, ప్లాస్టిక్ ఇచ్చే వేడిలో కొంత ముందు ఆ తడిని ఆరబెట్టడానికే పోతుంది. కిలోకు 1,500 కిలో కేలరీలు, ఆపైన ఇచ్చే, మరోలా వాడుకోలేని చెత్తను గుట్టల్లో పోయకుండా ఇంధనంగా వాడాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెప్పాయి. కలగలిపిన మన చెత్త చాలాసార్లు ఆ గీతకు కిందే ఉంటుంది. దాన్ని దించేది సాంబారూ మజ్జిగా. పొయ్యి ఎంత పెద్దదైనా తడి కట్టెలతో మండదు.

కాల్చకుండా గుట్టగా పోస్తే అది మరో కథ. గాలి ఆడని గుట్ట లోపల తడి చెత్త కుళ్లితే మీథేన్ పుడుతుంది. నూరేళ్ల కాలానికి లెక్కగడితే అది కార్బన్ డయాక్సైడ్ కంటే 27, 28 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది. 20 ఏళ్లకే లెక్కగడితే సుమారు 80 రెట్లు. డంపింగ్ యార్డుల్లో ఎండాకాలం మంటలు లేవడానికి ఉన్న కారణాల్లో ఈ వాయువు ఒకటి. అదే తొక్కలు గాలి తగిలే డబ్బాలో కుళ్లితే మీథేన్ దాదాపుగా పుట్టదు, ఎరువు పుడుతుంది. పదార్థం ఒకటే. గాలి తగిలిందా లేదా అన్నదే తేడా.

మూడో నష్టం పొడి చెత్తకు. వీధిలో పాత పేపర్లు, ఇనుప సామాన్లు కొనేవాళ్లు తీసుకునే ప్రతి వస్తువూ పొడిగా ఉన్నంతసేపే సరుకు. అట్టపెట్టె మీద పప్పుచారు ఒలికితే దానికి ధర పోయినట్టే. పాలపాకెట్ మంచి పాలిథిన్. కడిగి ఆరబెడితే మళ్లీ గింజలుగా మారి వస్తువై తిరిగి వస్తుంది. కడగకుండా మూట కడితే రెండో రోజుకు పురుగులు. ఇక్కడ చిన్న మెలకువ ఒకటి ఉంది. పాకెట్ మూలను పూర్తిగా తెగ్గొట్టకుండా అంటుకుని ఉండేలా కత్తిరించాలి. తెగిన ఆ చిన్న మూలముక్కను ఎవరూ ఏరరు. అది కాలువలోకి, అక్కడి నుంచి గెడ్డలోకి, చివరకు సముద్రంలోకి పోతుంది. విశాఖలో వాననీటిని సముద్రానికి చేర్చేవి గెడ్డలే. కొండల మీద కురిసిన వాన నిమిషాల మీద కిందికి దిగే ఊరు ఇది. వీధిలో పడినది ఏదైనా తీరానికి చేరడానికి ఒక్క జల్లు చాలు.

ఇంతకూ చేయాల్సింది ఏమిటంటే, తడినీ పొడినీ ఒకదానికొకటి తగలనివ్వకపోవడం. తర్వాత వేరు చేద్దాంలే అనుకుంటే అది జరగని పని. కలిసిపోయిన చెత్తలో చేయి పెట్టాలని ఎవరికీ అనిపించదు, అనిపించాల్సిన అవసరమూ లేదు. వస్తువు చేతిలో ఉన్నప్పుడే నిర్ణయం జరిగిపోవాలి. అందుకు రెండు బుట్టలూ పక్కపక్కన కాకుండా రెండు చోట్ల ఉంటే నయం. తడి బుట్ట వంటగదిలో, సింకు దగ్గర, చిన్నది, మూత ఉన్నది. పొడి బుట్ట లేదా గోనెసంచి బాల్కనీలోనో తలుపు వెనకో. తడి బుట్టకు ప్లాస్టిక్ కవరు తొడగకూడదు. అడుగున ఒక పాత న్యూస్ పేపరు పరిస్తే రసం పీల్చుకుంటుంది, పేపరుతో సహా ఎరువైపోతుంది. మిగిలిన చారు, మజ్జిగ బుట్టలో పోయకుండా జల్లెడలో వంచి గట్టిదాన్నే వేయాలి. ఇంతే. ఖర్చేమీ లేదు.

2021 అక్టోబరు 2న మొదలైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమంలో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలు పంచారు. తడికి ఆకుపచ్చ, పొడికి నీలం, ప్రమాదకరమైన వాటికి ఎరుపు. ఆ బుట్టలు కొన్ని ఇళ్లలో ఉల్లిపాయలకూ బట్టల క్లిప్పులకూ స్థిరపడిపోయాయి. బుట్ట ఇస్తే అలవాటు రాదు, నిజమే. కానీ తప్పంతా ఇళ్లదే అనడమూ అన్యాయం. వేరు చేసి ఇస్తే బండిలో కలిపేస్తున్నారు అన్న ఫిర్యాదు దాదాపు ప్రతి కాలనీలోనూ ఉంటుంది, అది చాలాచోట్ల కంటికి కనిపించే నిజం. ఆ ఫిర్యాదు వేరు చేయడం మానేయడానికి సాకు మాత్రం కాదు. తడి చెత్త అసలు గడప దాటకపోతే బండిలో కలపడానికి ఏమీ ఉండదు. నగరపాలక సంస్థ తీరు బాగుపడేదాకా ఆగనక్కర్లేని పని ఇదొక్కటే. మిగిలిన సలహాలన్నిటికంటే ఇంట్లో ఎరువు చేసుకోవడాన్ని ముందు పెట్టడానికి కారణం కూడా ఇదే.

అయితే ఇంటర్నెట్‌లో దొరికే ఎరువు తయారీ పాఠాలు చాలావరకు పొడి వాతావరణానికి రాసినవి. అప్పుడప్పుడూ నీళ్లు చిలకరించండి అని వాటిలో ఉంటుంది. విశాఖ గాలిలోనే చెమ్మ ఉంది. ఇక్కడ డబ్బా చెడేది ఎక్కువగా నీళ్లు మిక్కిలై. నీరు ఎక్కువైతే గాలి సందులు మూసుకుపోతాయి, గాలి లేకపోతే కుళ్లు వాసన వస్తుంది, వాసన వస్తే పక్క ఫ్లాటువాళ్లు తలుపు కొడతారు. చాలా ఇళ్లలో ప్రయత్నం ఆగిపోయేది సరిగ్గా ఈ దశలోనే. దీనికి విరుగుడు పొడి పదార్థం. ఒక గిన్నెడు వంటింటి తడికి కనీసం అంతే, వీలైతే రెండింతలు, ఎండుటాకులో కొబ్బరిపీచు పొట్టో వేయాలి. ఎండుటాకుల్లో, పీచులో కార్బన్ ఎక్కువ. తొక్కల్లో నైట్రోజన్ ఎక్కువ. కార్బన్ 25 నుంచి 30 పాళ్లు, నైట్రోజన్ ఒక పాలు ఉన్నప్పుడు సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేస్తాయి. తూకం వేయనక్కర్లేదు. పిడికెడు తీసి పిండితే తడి తగలాలి కానీ చుక్క రాలకూడదు.

కొబ్బరి బొండాలు ఇంతగా తాగే ఊళ్లో పీచుకు కరువు లేదు. వీధుల్లో చెట్ల కింద రాలే ఆకులను ఊడ్చి ఒక బస్తా దాచుకుంటే వానాకాలమంతా వస్తుంది. ఎండలున్నప్పుడే దాచుకోవాలి. జూన్ తర్వాత ఎండుటాకు అన్నది ఇక్కడ దొరకదు, దొరికినా ముద్దగా ఉంటుంది. డబ్బా అడుగున, పక్కల చిల్లులు ఉండాలి. కింద ఒక పళ్లెం, పైన వాన పడని చూరు. తుపాను హెచ్చరిక వస్తే డబ్బాను లోపలికి జరపాలి. అక్టోబరు, నవంబరు నెలలు ఈ తీరానికి ఎలాంటివో 2014 హుద్‌హుద్ తర్వాత ఎవరికీ చెప్పనక్కర్లేదు. మొదటిసారి వేసేటప్పుడు పుల్ల మజ్జిగ కొంచెం, లేదా ఏదైనా తోటలోని పాత ఎరువు రెండు గుప్పిళ్లు కలిపితే పని త్వరగా అందుకుంటుంది. లావుపాటి గోధుమరంగు పురుగులు కనిపిస్తే డబ్బా పారేయకండి. అవి సాధారణంగా నల్ల సైనిక ఈగ లార్వాలు. మనిషికి హాని చేయవు, తొక్కలను మనకంటే వేగంగా తినేస్తాయి. చూడటానికి ఇబ్బందిగా ఉంటే మరో గుప్పెడు పొడి ఆకు పైన కప్పితే సరి. సుమారు రెండు నెలలకు మట్టి వాసన వేసే నల్లటి పొడి మిగులుతుంది. బుట్టెడు తొక్కలు గుప్పిళ్లలోకి వచ్చేస్తాయి. కుండీలు లేనివాళ్లు ఏం చేయాలి అంటే, వీధి చెట్టు మొదలు ఉంది కదా.

చేపలు, రొయ్యలు తినే ఇళ్లకు ఒక జాగ్రత్త. పొలుసులు, తలలు, రొయ్యల పెంకులు బాల్కనీ డబ్బాకు తగవు. పెరడున్న ఇళ్లలో జానెడున్నర లోతున చెట్టు మొదట్లో పూడ్చడం పాత పద్ధతి. కొబ్బరిచెట్టుకు అంతకుమించిన బలం లేదు. ఫ్లాటులో ఉండేవారు చేపలను అమ్మే చోటే శుభ్రం చేయించుకుని రావడం మేలు. అది కుదరని రోజు పేపరులో చుట్టి ఫ్రీజర్లో ఉంచి, బండి వచ్చే పొద్దున బయటకు తీస్తే ఇంట్లో వాసన ఉండదు.

ఎరువుకంటే ముందు మెట్టు ఒకటుంది, వంట ఎంత వండుతున్నాం అన్నది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన అంచనా ప్రకారం భారతదేశంలో ఇళ్లలో వృథా అయ్యే ఆహారం మనిషికి ఏడాదికి 55 కిలోలు. ఇందులో తినని తొక్కలు, ఎముకలు కూడా కలిసే ఉన్నాయి కాబట్టి అంతా అన్నం పారేసినట్టు కాదు. అయినా తగ్గించడానికి చోటు చాలానే ఉంది. ఎంవీపీ కాలనీ రైతుబజారుకు ఆదివారం వెళ్లి వారానికంతా సంచులు నింపుకొచ్చే అలవాటులో తోటకూర, గోంగూర, కొత్తిమీర బుధవారానికి బుట్టకే చేరతాయి. ఈ ఉక్కలో ఆకుకూర నిలవదు. దుంపలు, గుమ్మడి, ఉల్లి వారానికి తెచ్చుకుని, ఆకుకూరలు రెండు రోజులకోసారి వీధిలో కొనుక్కుంటే డబ్బూ మిగులుతుంది. బీరకాయ తొక్కు పచ్చడి, పనస గింజల కూర, రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసి తెల్లవారి తినే చద్దన్నం, ఇవన్నీ పొదుపు కోసం పుట్టినవో రుచి కోసం పుట్టినవో తేల్చడం కష్టం.

వండకపోతే వచ్చే చెత్త మరో రకం. దాని మీద ఎందుకో మాటలు తక్కువ. ద్వారకానగర్ నుంచి మధురవాడ దాకా ఉద్యోగులు, విద్యార్థులు ఉండే ప్రతి వీధిలోనూ కర్రీ పాయింట్ ఉంది. ఇంట్లో అన్నం మాత్రం వండుకుని పప్పు, వేపుడు, పచ్చడి, సాంబారు కొని తెచ్చుకోవడం ఇప్పుడు మామూలు సంసారం. ఒక పూటకు నాలుగు పల్చని కవర్లు, వాటన్నిటికీ కలిపి ఇంకో కవరు. నూనె, పులుసు అంటిన ఆ కవరును కొనేవాడు లేడు. కడిగితే కవరు విలువకంటే నీళ్ల ఖర్చు ఎక్కువ. పైగా పొగలు కక్కే సాంబారును పల్చని ప్లాస్టిక్‌లో పోయడం ఒంటికీ మంచిది కాదు. తడినీ పొడినీ ఎంత శ్రద్ధగా వేరు చేసినా ఈ కవరు రెండిటికీ చెందదు, రెండిటినీ పాడుచేస్తుంది. దీనికి మందు ఇంటి అటక మీదే ఉంది, నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ. ఆఫీసు నుంచి వచ్చే దారిలో కొనేవారికి క్యారేజీ పొద్దున్నే గుర్తు పెట్టుకుని తీసుకెళ్లడం ఒక్కటే కష్టం. ఉదయం భోజనం మోసుకెళ్లిన డబ్బానే సాయంత్రం కూరకు వాడితే ఆ కష్టమూ ఉండదు. దుకాణదారులు సాధారణంగా కాదనరు. కవరు ఖర్చు వారిది కదా.

ప్లాస్టిక్ నిషేధాల సంగతి చూస్తే, కాగితం మీద కొరత లేదు. స్ట్రాలు, థర్మకోల్ అలంకరణలు, ప్లాస్టిక్ కప్పులు, చెంచాల వంటి వాటిని దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధించారు. చేతిసంచులు 120 మైక్రాన్ల మందం ఉండాలన్న నియమం అదే ఏడాది డిసెంబరు 31 నుంచి అమల్లో ఉంది. పూర్ణా మార్కెట్లో ఒక గంట తిరిగితే ఆ నియమం ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది.

గుడ్డసంచి విషయంలోనూ ఒక అపోహ ఉంది. సంచి గుడ్డది అయినంత మాత్రాన మేలు జరగదు. పత్తి పండించడానికి నీరు, ఎరువులు, నేయడానికి విద్యుత్తు ఖర్చవుతాయి. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో వేసిన లెక్కలో, వాతావరణ ప్రభావం ఒక్కటే చూసినా మామూలు నూలు సంచిని కనీసం 52 సార్లు వాడితేనే పల్చని ప్లాస్టిక్ సంచితో సమానమవుతుంది. మిగతా ప్రభావాలన్నీ కలిపి చూస్తే ఆ సంఖ్య 7,100. అక్కడి లెక్క ఇక్కడికి అక్షరాలా వర్తించదు. అక్కడ వాడిన కవరు కాలిపోతుంది, ఇక్కడ గెడ్డలో తేలుతుంది, ఆవు కడుపులో చేరుతుంది. కానీ పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో, సదస్సుల్లో పంచిన సంచులు బీరువా నిండా పేరుకుపోవడం మేలు కాదన్నది మాత్రం ఆ లెక్క స్పష్టంగా చెబుతుంది. ఉన్న రెండు సంచులు చిరిగేదాకా వాడటమే సరైన పని. ఒకటి బండి డిక్కీలో, ఒకటి తలుపు కొక్కేనికి.

విందుల దగ్గర మాత్రం విశాఖకు ఇతర నగరాలకు లేని వసతి ఉంది. పాడేరు, అరకు కొండల్లో గిరిజనులు సేకరించే అడ్డాకులతో కుట్టిన విస్తళ్లు కిందికి దిగే ప్రాంతం ఇది. అటవీ ఉత్పత్తులు కొనే, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం ఈ నగరంలోనే ఉంది. అయినా కార్తీక వనభోజనాలకు ఎక్కువమంది కొనేది ఆకు రంగు అచ్చేసిన కాగితం పళ్లాలు, వాటి మీద పల్చటి ప్లాస్టిక్ పొర. అడ్డాకు విస్తరిని తిప్పి చూసి కొనాలి. కొన్నిటికి వెనక ప్లాస్టిక్ షీటు అతికిస్తున్నారు, అది మట్టిలో కలవదు. ఈనెపుల్లలతో కుట్టిన ఉత్త ఆకు విస్తరి నెలల్లో మట్టి అయిపోతుంది.

నీళ్లు, కరెంటు గురించి చెప్పేది తక్కువ, చాలామందికి తెలిసినవే. ఇంట్లో వాడే ఆర్వో యంత్రం లీటరు మంచినీటికి తరచుగా రెండు మూడు లీటర్లు బయటకు వదులుతుంది. ఆ నీరు నేల తుడవడానికి, బాత్రూం కడగడానికి బాగుంటుంది. ఉప్పు ఎక్కువ కాబట్టి మొక్కలకు రోజూ పోయకూడదు. ఏసీ గొట్టం నుంచి కారే నీటిలో ఉప్పు ఉండదు, చెమ్మ ఎక్కువైన ఈ ఊళ్లో అది బకెట్లు నింపుతుంది, మొక్కలకు పోయవచ్చు. ఏసీని 24 డిగ్రీల మీద ఉంచి ఫ్యాను తిప్పడం మిగతా ఉపాయాలన్నిటికంటే లాభం. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ అంచనా.

ఎరుపు బుట్ట మాత్రం నిదానంగా మాట్లాడాల్సిన విషయం, ఎందుకంటే అక్కడ నష్టపోయేది మనం కాదు. పగిలిన గాజు గ్లాసు, ఇన్సులిన్ సూది, వాడేసిన బ్లేడు మామూలు చెత్తలో పడితే కోసుకునేది పారిశుద్ధ్య కార్మికుల చేతులు. గాజు పెంకులను అట్టలో చుట్టి పైన ఎర్ర గుర్తు వేయాలి. సూదులను మూత బిగించిన గట్టి ప్లాస్టిక్ సీసాలో పోగుచేసి నిండాక విడిగా చేతికివ్వాలి. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు కాగితంలో చుట్టి వేరుగా ఉంచాలి. వాటిని టాయిలెట్లో వేయడం గొట్టాలకూ, ఆ గొట్టాలు బాగుచేయడానికి వచ్చే మనిషికీ శిక్ష. పాడైన బ్యాటరీలు, బల్బులు ఒక డబ్బాలో దాచి ఆరు నెలలకోసారి ఇవ్వడం సులువు. అవి కుళ్లవు, తొందరేమీ లేదు.

ఇవన్నీ సొంత ఇల్లున్నవారి ముచ్చట్లని, అపార్ట్‌మెంట్లలో సాగవని అంటారు. నిజానికి అక్కడే తేలిక. రోజుకు 100 కిలోలు మించి చెత్త వచ్చే సముదాయాలను 2016 నియమాలు పెద్ద ఉత్పత్తిదారులుగా లెక్కించాయి. తడి చెత్తను వీలైనంతవరకు ఆవరణలోనే ఎరువుగానో గ్యాసుగానో మార్చుకోవాలని చెప్పాయి. నలభై ఫ్లాట్ల భవనానికి ఆ పరిమాణం రాకపోవచ్చు కానీ, సెల్లార్ పక్క ఖాళీలో రెండు జాలీ గోడల తొట్లు కట్టుకోవడానికి ఏ నియమమూ అడ్డురాదు. ఒకటి నిండుతుండగా ఇంకొకటి ఆరుతుంది. ఇలాంటివి ఆగిపోయేది స్థలం చాలక కాదు. పని ఎవరిదన్నది తేలక. సంఘం తీర్మానం చేస్తుంది, వాచ్‌మన్ మీద వేస్తుంది, అదనంగా ఒక్క రూపాయి ఇవ్వదు, మూడు నెలలకు తొట్టి చెత్తకుండీ అవుతుంది. నిర్వహణ రుసుములో ఆ పనికంటూ ఒక మొత్తం పెట్టి, పొడి ఆకుల బస్తా కొనడం ఎవరి వంతో రాసిపెట్టి, పొడి చెత్త అమ్మిన డబ్బు కూడా ఆ పని చేసే మనిషికే చెందుతుందని ముందే చెబితే తొట్లు నడుస్తాయి.